లినక్స్ నుంచి విండోస్‌కు: నాన్‌బ్లాకింగ్ ఫైల్ ఐఓ పోర్టింగ్

లినక్స్ మీద రాసిన సీ ప్రోగ్రామ్‌ను విండోస్‌కు మార్చే పని వస్తే, కోడ్ ముట్టుకోకముందే నేనొక పట్టిక వేసుకుంటాను. ఏ డిస్క్రిప్టర్ (తెరిచినదానికి సిస్టమ్ ఇచ్చే నంబర్) సాకెట్, అంటే నెట్‌వర్క్ కనెక్షన్, ఏది రెండు ప్రోగ్రామ్‌లను కలిపే పైప్, ఏది డిస్క్ మీది మామూలు ఫైల్? మూడింటికీ దారులు వేరు. మీరూ ఇక్కడే మొదలుపెట్టండి.

అసలు చిక్కు మామూలు ఫైల్‌తోనే. లినక్స్‌లో ఓ_నాన్‌బ్లాక్ (డేటా లేకపోతే ఆగకుండా వెంటనే వెనక్కి రమ్మనే ఫ్లాగ్) పెట్టి తెరిచినా డిస్క్ ఫైల్ మీద రీడ్ ఆగిపోవచ్చు. డిస్క్రిప్టర్ సిద్ధంగా ఉందా అని చూసే పోల్, సెలెక్ట్ కాల్స్ ఎప్పుడడిగినా "సిద్ధం" అనే చెబుతాయి. అదే పని చేసే ఈపోల్‌లో చేర్చబోతే ఈపెర్మ్ (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది. డేటా పేజ్ కాష్‌లో (కెర్నెల్ మెమరీలో ఉంచుకునే కాపీలో) ఉన్నంతసేపూ ఈ లోపం కనబడదు. అదే ఫైల్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) మీద పెట్టి చూడండి, బయటపడుతుంది.

విండోస్‌లో సెలెక్ట్ సాకెట్లకే పనిచేస్తుంది. ఫైల్‌కైతే క్రియేట్‌ఫైల్‌లో ఫైల్_ఫ్లాగ్_ఓవర్‌ల్యాప్డ్ (పని పూర్తయ్యేదాకా ఆగొద్దనే ఫ్లాగ్) ఇవ్వాలి. అప్పుడు రీడ్‌ఫైల్ విఫలమైనట్టు కనిపించి, గెట్‌లాస్ట్‌ఎర్రర్‌లో ఎర్రర్_ఐఓ_పెండింగ్ వస్తే కంగారు పడొద్దు, పని నడుస్తోందని అర్థం. ఒక్కోసారి రీడ్ అక్కడికక్కడే పూర్తవుతుంది కూడా, ఆ దారికీ కోడ్ ఉండాలి. ఫైల్‌లో ఎక్కడినుంచి చదవాలో ప్రతిసారీ ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్చర్‌లో మనమే రాయాలి.

ఇక నేను రివ్యూలో ముందుగా వెతికేది: ఆ స్ట్రక్చర్, బఫర్ ఎక్కడున్నాయి? ఫంక్షన్ స్టాక్ మీద పెట్టి రిటర్న్ అయితే, ఆ తర్వాత కెర్నెల్ అక్కడే రాస్తుంది. క్రాష్ ఇంకెక్కడో వస్తుంది, పట్టుకోవడం నరకం. నడుస్తున్న పనిని రద్దు చేయమని క్యాన్సిల్‌ఐఓఎక్స్ పిలిచినా పని ముగిసిందన్న కబురు అందేదాకా మెమరీ విడిచిపెట్టకండి.

అందుకే ఉమ్మడి ఇంటర్‌ఫేస్‌ను "చదవొచ్చా?" అని అడిగేలా కాకుండా "చదివి చెప్పు" అనేలా రాయమంటాను. విండోస్‌లో దాని కింద కంప్లీషన్ పోర్ట్ (పూర్తయిన పనుల కబుర్లు వచ్చి చేరే క్యూ) ఉంటుంది. లినక్స్‌లో థ్రెడ్ పూల్ (ఆగిపోయే రీడ్‌లను పక్కన చేసిపెట్టే కొన్ని థ్రెడ్లు) చాలు. లిబ్‌యూవీ అనే ఐఓ లైబ్రరీ ఫైళ్లకు చేసేది మామూలుగా అదే, డిఫాల్ట్‌గా 4 థ్రెడ్లతో. 2019లో 5.1 కెర్నెల్‌తో వచ్చిన లినక్స్ ఇంటర్‌ఫేస్ ఐఓ_యూరింగ్ కూడా ఈ "చదివి చెప్పు" పద్ధతే. పాత కెర్నెళ్ల మీదా నడవాలంటే మాత్రం థ్రెడ్ పూలే నా ఎంపిక.

స్టాండర్డ్ ఇన్‌పుట్‌కు ఓ_నాన్‌బ్లాక్ పెడితే, అదే టెర్మినల్‌ను పంచుకుంటున్న షెల్‌కూ ఆ ఫ్లాగ్ తగులుతుంది. బయటికొచ్చేముందు పాత ఫ్లాగ్‌లు తిరిగి పెట్టండి.

టెస్టింగ్‌కు ఒక్కో బైట్ నెమ్మదిగా పంపే చిన్న ప్రోగ్రామ్ రాసి పైప్‌కు తగిలించండి. అడిగినదాంట్లో కొంతే వచ్చే రీడ్‌లు, కొంతే వెళ్లే రైట్‌లు రెండు సిస్టమ్‌ల మీదా సరిగా దాటాకే పెద్ద ఫైళ్ల జోలికి వెళ్లండి.