మళ్లీ దారులు మూసేలోపు: డయాలసిస్ ఇళ్లకు జాగ్రత్తలు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టేనాటికి మా నాన్నకు వారానికి రెండు డయాలసిస్‌లు నడుస్తున్నాయి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. బస్సుల్లేవు, ఆటోవాళ్లు రామన్నారు. మూడు రోజులు ఆలస్యమైంది. కాళ్లు ఉబ్బిపోయాయి, వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఆయాసమని రాత్రంతా గోడకు ఆనుకునే కూర్చున్నాడు.

లాక్‌డౌన్ తప్పా ఒప్పా అని మా ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు. ఆస్పత్రులకు కాస్త ఊపిరి తీసుకునే టైమ్ దొరికిన మాట నిజం. కోవిడ్ కాని రోగులు దారిలేక అల్లాడిందీ నిజమే. మూసేముందే ఇలాంటి రోగులకు దారి చూపించాలని నేనంటాను. 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ అన్నారు. డయాలసిస్‌కు నాలుగు గంటలు పడుతుంది. రెండో షిఫ్టువాళ్లు ఇంటికెలా రావాలి? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది, సంతోషమే. కానీ అక్కడిదాకా వెళ్లాలిగా.

అందుకే జ్వరాలు పెరుగుతున్నాయని వినగానే చేయాల్సిన పనులున్నాయి. డాక్టరు చీటీ, డయాలసిస్ షెడ్యూలు జిరాక్స్ తీసి రెండు సెట్లు పెట్టుకోండి. ఒకటి రోగి జేబులో, ఒకటి బండి నడిపేవాళ్ల దగ్గర. ఊళ్లో ఇద్దరు ఆటోవాళ్లతో ముందే మాట్లాడి ఉంచండి. మందులు నెలకు సరిపడా తెచ్చుకోండి.

తిండి విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మనది కొబ్బరి సీమ. మనిషి నీరసంగా కనబడితే చాలు, ఎవరో ఒకరు ప్రేమగా బోండాం కొట్టి చేతికిస్తారు. వద్దనండి. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ ఆలస్యమైతే అది ఒంట్లో పేరుకుని గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎండుచేపల ఉప్పు దాహం పెంచుతుంది, తాగిన నీరు బయటికి పోదు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోండి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు అడిగి వేసుకోవద్దు.

ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చనివ్వకండి. హడావుడిలో కొత్త సిస్టర్లకు తెలియకపోవచ్చు, మీరే చెప్పాలి.

జ్వరమొస్తే దాచొద్దు. సెంటర్‌కు రానివ్వరేమోనని మేమూ ఒకసారి దాచాం, పక్క మంచం మీదున్న పెద్దాయన గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను. ముందే ఫోన్ చేసి చెబితే విడిగా ఏర్పాటు చేయడానికి వీలుంటుంది. వేలికి పెట్టి చూసే మిషన్‌లో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా, ఆయాసంతో పడుకోలేకపోయినా, కాళ్లూచేతులూ సత్తువ లేకుండా వేలాడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.