వైద్య పదాలు విప్పి చదువుదాం - 3వ పాఠం: ముందుండే ముక్క

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబులు. న్యూరాల్జియా అంటే నరం నొప్పి. కోలెసిస్టెక్టమీ అంటే పిత్తాశయాన్ని ఆపరేషన్ చేసి తీసేయడం. హెపటైటిస్ అంటే కాలేయానికి వచ్చే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్. దీనికి కామెర్లు అని రాసుకున్నవాళ్లు దిద్దుకోండి. కామెర్లు ఆ జబ్బులో కనిపించే ఒక లక్షణం మాత్రమే, అదీ అందరిలో కనిపించదు.

పదం చివర ఉండే ముక్కల్ని రెండో పాఠంలో చూశాం. ఈసారి మొదట్లో ఉండే ముక్క, అంటే ప్రిఫిక్స్. మన వ్యాకరణంలో ఉపసర్గ అంటాం. 'ప్ర, పరా, అప, సమ్' అని బడిలో వల్లె వేసినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. గ్రీకు, సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి కాబట్టి కొన్ని ముక్కలు రెండింటిలోనూ పోల్చుకునేంత దగ్గరగా ఉంటాయి. దుర్వాసనలోని 'దుర్', డిస్ప్నియాలోని 'డిస్' ఒక మూలానివే. డిస్ప్నియా అంటే ఊపిరి కష్టంగా ఆడటం. పరిసరాల్లోని 'పరి'కి జోడు పెరికార్డియంలోని 'పెరి', అంటే గుండె చుట్టూ ఉండే పొర. లేదు అని చెప్పే 'అ', 'అన్' కూడా అంతే. హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్' రావడం రెండు భాషల్లోనూ ఉంది. మనకు అశాంతి, అనారోగ్యం. వాళ్లకు అప్నియా (ఊపిరి ఆగడం), అనాల్జీసియా (నొప్పి తెలియకపోవడం).

ఇంతవరకూ సులువే. చిక్కు తర్వాత వస్తుంది. ఉపసర్గ తన పక్కన ఉన్న ముక్క గురించే మాట్లాడుతుంది, రిపోర్టు మొత్తం గురించి కాదు. అందుకే ఉపసర్గ కనిపించగానే 'దేనికి?' అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఎక్కువ అంటే ఏది ఎక్కువ? తక్కువ అంటే ఏది తక్కువ? ఈ పాఠంలో నేను పట్టుబట్టి నేర్పాలనుకునేది ఇదొక్కటే.

రక్తపరీక్ష రిపోర్టు అడుగున తరచుగా కనిపించే ఒక వాక్యం తీసుకుందాం: 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ అనీమియా'. చూడగానే టెన్షన్ పడే మాట. ముక్కలు చేయండి. మైక్రో అంటే చిన్న. దేనికి? సైట్, అంటే కణానికి. ఎర్ర రక్తకణాలు ఉండాల్సినదానికన్నా చిన్నగా ఉన్నాయి. దీన్ని అదే రిపోర్టులో సరిచూసుకోవచ్చు: ఎం.సి.వి. (ఎర్ర కణాల సగటు పరిమాణం) అన్న వరుసలో అంకె పెద్దవాళ్లకు 80 కన్నా తక్కువ ఉంటుంది. హైపో అంటే తక్కువ. దేనికి? క్రోమ్, అంటే రంగుకు. కణాల్లో హిమోగ్లోబిన్ తగ్గి, మైక్రోస్కోపు కింద పాలిపోయి కనిపిస్తున్నాయి. ఇక అనీమియాలో 'అన్' ఉంది కదా అని రక్తమే లేదనుకోకూడదు. ఇక్కడ ఆ ముక్క కొరతను చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 కన్నా, మగవాళ్లకు 13 కన్నా తగ్గితే అనీమియా.

మూడు ముక్కలూ కలిపితే కణాల రూపం తెలిసింది. కారణం ఆ మాటలో లేదు. మామూలుగా ఐరన్ లోపం వల్ల ఇలా వస్తుంది, కానీ తలసీమియా మైనర్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త సమస్య) ఉన్నవాళ్ల కణాలూ చిన్నగా, పాలిపోయే ఉంటాయి. అందుకే డాక్టర్లు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించమంటారు. ఈ ఒక్క మాట చదివి సొంతంగా ఐరన్ మాత్రలు మొదలుపెట్టకండి.

ఇప్పుడు చాలామంది తడబడే చోటుకు వద్దాం. హైపోథైరాయిడిజం అని రాసి ఉంటుంది, పక్కన టి.ఎస్.హెచ్. చూస్తే 9.8, పై హద్దుకు రెట్టింపు. హైపో అంటే తక్కువ అన్నారు, అంకె ఎక్కువ ఉందేమిటి? మళ్లీ అదే ప్రశ్న: తక్కువ దేనికి? థైరాయిడ్ గ్రంథి పనికి. టి.ఎస్.హెచ్. థైరాయిడ్‌లో తయారయ్యే హార్మోన్ కాదు, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ నుంచి వస్తుంది. పని మందగిస్తే మేస్త్రీ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ నెమ్మదించిన కొద్దీ పిట్యూటరీ టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా పంపుతుంది. గ్రంథి అతిగా పనిచేసే హైపర్‌థైరాయిడిజంలో సాధారణంగా టి.ఎస్.హెచ్. బాగా పడిపోతుంది. ఒక్కోసారి టి.ఎస్.హెచ్. పెరిగినా, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టి4 మామూలుగానే ఉంటుంది. అప్పుడు ముందు ఇంకో ముక్క చేరుస్తారు: సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం.

ఆ 'సబ్' లాటిన్ ముక్క. హైపో గ్రీకుది. రెండింటికీ అసలు అర్థం 'కింద' అనే. ఇన్సులిన్‌ను సబ్‌క్యుటేనియస్‌గా ఇస్తారు, అంటే చర్మం కింద. హైపోడెర్మిక్ సూది అన్నా చర్మం కిందికి వెళ్లే సూదే. వైద్యం రెండు భాషల నుంచీ మాటలు తీసుకుంది కాబట్టి ఇలాంటి జంటలు తగులుతూనే ఉంటాయి. సగం అనడానికి గ్రీకులో హెమి, లాటిన్‌లో సెమి. హెమిప్లీజియా అంటే ఒంట్లో ఒక పక్క చచ్చుబడటం.

హైపర్, హైపో ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. షుగరు ఉన్న మనిషికి హైపోగ్లైసీమియా అయితే, అంటే షుగరు 70 కన్నా పడిపోతే, స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే గ్లూకోజో పంచదార నీళ్లో ఇవ్వాలి. హైపర్ అయితే అదే పని హాని చేస్తుంది. కాబట్టి ఎవరైనా ఈ మాట చెబితే మొహమాటపడకుండా 'ఎక్కువా, తక్కువా? ఎంతుంది?' అని అడగండి.

మిగతా జంటలు త్వరగా చూద్దాం. టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది. పెద్దవాళ్లకు విశ్రాంతిలో గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటే టాకీకార్డియా, 60 కన్నా తగ్గితే బ్రాడీకార్డియా. పాలీ అంటే ఎక్కువ, ఆలిగో అంటే కొద్ది: పాలీయూరియా, ఆలిగూరియా మూత్రం పరిమాణానికి సంబంధించినవి. ఇంట్రా అంటే లోపల, ఇంటర్ అంటే రెండింటి మధ్య. యాంటీ అంటే వ్యతిరేకం, యాంటీ లాగే పలికే యాంటె మాత్రం ముందు. యాంటెనేటల్ చెకప్ అంటే కాన్పుకు ముందు చేసేది.

మొదట్లో 'అ', 'అన్' లాంటివి కనిపించిన ప్రతిచోటా లేదని అనుకోకండి. అనాటమీలో ఉన్నది 'అనా', అది వేరే ఉపసర్గ. ఆర్టరీలో ఉపసర్గే లేదు. ముక్క తీసేశాక మిగిలినది మీకు తెలిసిన మాట అయితేనే దాన్ని ఉపసర్గగా లెక్కేయండి.

ఈసారి అభ్యాసం. డిశ్చార్జి కాగితంలో 'పేషెంట్ ఎఫెబ్రైల్' అని ఉంది, ఫెబ్రైల్ అంటే జ్వరం ఉన్న అని అర్థం; మరి పేషెంటుకు జ్వరం ఉందా? రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, రిపోర్టులో 2.9 ఉంది, 'కలీమియా'కు ముందు ఏ ముక్క పెడతారు? ఎండోకార్డైటిస్, పెరికార్డైటిస్: వీటిలో గుండె లోపలి పొరకు వచ్చేది ఏది? చివరిది కాస్త గట్టిది: ఎనైసోసైటోసిస్. ఇందులో రెండు ముక్కలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, 'ఐసో' అంటే సమానం. రక్తకణాల గురించి ఆ మాట ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి.

నాలుగో పాఠంలో నడిమి ముక్కలు: కార్డియో, నెఫ్రో, హెపటో, గ్యాస్ట్రో.