పాత ఎంజీబీకి (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బ్రేక్ పైపులు మార్చే ముందు
ఉత్త జాకీ మీద బండి లేపి కిందికి దూరకుండ్రి, గట్టి గచ్చు మీద యాక్సిల్ స్టాండ్లు (లేపిన బండిని మోసే ఇనుప స్టాండ్లు) పెట్టాలె, మన వరంగల్ దిక్కు వానకు నానిన నేలల అయి దిగవడ్తయ్.

పాత పైపు పారెయ్యొద్దు, వంపులకు అదే నమూనా. తుప్పు నట్లకు ముందురోజే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఫ్లేర్ నట్ స్పానర్ (పైపు నట్టును దాదాపు చుట్టూ పట్టేది) తోటే ఇప్పాలె, మామూలు స్పానరైతే మూలలు అరిగి ఇగ తిప్పలే.

కొత్త పైపు 3/16 ఇంచుల కాపర్ నికెల్‌ది తీస్కోండ్రి, ఏసీ మెకానిక్ కాడ దొరికే ఉత్త రాగి ట్యూబ్ అస్సలొద్దు. మరలు యూఎన్‌ఎఫ్ (ఇంచుల కొలత సన్న మర), మెట్రిక్ నట్టు బలవంతంగ ఎక్కిస్తే మర పోతది. పైపు కొసను వెడల్పు చేసే ఫ్లేర్ కొట్టకముందే నట్టు ఎక్కించుకోవాలె (మస్తుమంది మర్చిపోయేది గిదే), కోసినంక లోపలి రజను గాలితోటి ఊదాలె.

డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేకు నూనె) సీల్ తియ్యని డబ్బానే వాడాలె, అది తేమ గుంజుతది, పెయింట్‌ను గూడ లేపుతది, చిందితే కడుగనీకి పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండ్రి.