‘నాకు’ నుంచి ‘నేను’ దాకా: ఆత్మవిచారణ చేసే పద్ధతి

తెలుగులో కోపం మనకు వస్తుంది. ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది, ఏడుపు వస్తుంది, అనుమానం కలుగుతుంది. ‘నాకు కోపం వచ్చింది’ అన్నప్పుడు వచ్చింది కోపం, అది పోతుంది కూడా. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇన్ని వచ్చి పోతుంటే, ఇవన్నీ ఎవరి దగ్గరికి వస్తున్నాయో ఆ ‘నాకు’ మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని ఎప్పుడూ తిరిగి చూడం. ఆత్మవిచారణ అంటే అటు తిరిగి చూడడమే.

ఈ పద్ధతిని ఇంత సూటిగా చెప్పినవారు రమణ మహర్షి. 1896 సెప్టెంబరు 1న తమిళనాడులో అరుణాచలం కొండ ఉన్న తిరువణ్ణామలై చేరి, 1950 ఏప్రిల్ 14న దేహం విడిచేదాకా ఆ కొండను వదల్లేదు. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి ఆయన దగ్గరికి వచ్చి ‘నేనెవరు?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి వరసగా అడుగుతూ పోయారు. మహర్షి అప్పట్లో మాట్లాడేవారు కాదు, జవాబులు రాసి చూపించారు. సాధనకు కావలసిందంతా ఆ కాసిని జవాబుల్లో ఉంది. అయినా చేయబోయేసరికి చాలామంది మొదటి వారంలోనే దారి తప్పుతారు. అందుకే కింద పద్ధతి కొంత, తప్పే చోట్లు ఎక్కువగా రాస్తున్నాం.

ముందు మూడు రోజులు: మాటలు పట్టుకోండి

కూర్చోవడానికి ముందు ఒక చిన్న పని. మూడు రోజుల పాటు, రోజుకు పది చొప్పున, మీ నోటి నుంచి వచ్చిన మాటల్లో ‘నాకు’, ‘నా’, ‘నేను’ ఉన్నవి కాగితం మీద రాయండి. ‘నాకు’, ‘నా’ ఉన్నవి ఒక పక్క, ‘నేను’ ఉన్నవి ఇంకో పక్క.

ఒక పక్క ఇలాంటివి చేరతాయి: నాకు నడుం నొప్పి. నా చెయ్యి బెణికింది. నాకు వాడంటే చిరాకు. నా మనసు బాగోలేదు. రెండో పక్క: నేను లావయ్యాను. నేను పొట్టి. నేను ఆ పరీక్షలో ఓడిపోయాను. నేను ఎందుకూ పనికిరాను.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చదవండి. చెయ్యి బెణికినప్పుడు ‘నా చెయ్యి’ అన్నవాళ్ళమే, ఒళ్ళు వచ్చేసరికి ‘నేను లావయ్యాను’ అంటున్నాం. ఒక వాక్యంలో శరీరం నాది, ఇంకో వాక్యంలో శరీరమే నేను. మనసు సంగతీ అంతే. ‘నా మనసు బాగోలేదు’ అన్నప్పుడు మనసు కాస్త ఎడంగా ఉంది. ‘నేను ఎందుకూ పనికిరాను’ అన్నప్పుడు మనసులో వచ్చిన ఒక తలపే నేనై కూర్చుంది. వేదాంతులు అధ్యాస అనేది దీన్నే: ఒకదాని గుణాన్ని ఇంకోదానికి అంటగట్టడం. మనల్ని బాగా బాధపెట్టే వాక్యాలన్నీ దాదాపుగా రెండో పక్కనే ఉంటాయి. తనను తాను తెలుసుకోవడం ఎందుకు అవసరమో ఆ కాగితమే చూపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఇది చూశాక కొందరు మాట్లాడే తీరు మార్చేస్తారు. ‘నాకు ఆకలి’ అనడం మానేసి ‘ఈ దేహానికి ఆకలి’ అంటారు. దానివల్ల ఏమీ జరగదు, ఇంట్లోవాళ్ళకు విసుగు తప్ప. మాటలు ఎప్పటిలాగే ఉండనివ్వండి. అవి ఎక్కడ జారుతున్నాయో తెలిస్తే చాలు.

కూర్చోవడం

నిద్ర లేచి ముఖం కడుక్కున్నాక, కాఫీకీ ఫోనుకీ ముందు, 20 నిమిషాలు. మొదట్లో 20 కుదరకపోతే పొద్దున పది, సాయంత్రం పది. బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగితే మంచిది, మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీ. ఈ సాధనకు ఆసనం షరతు కాదు. వెన్ను నిటారుగా ఉంటే నిద్ర రాదు, అంతవరకే దాని పని. గంట కొట్టేలా పెట్టుకోండి, లేకపోతే ‘ఎంతసేపైంది’ అన్న తలపే పదిసార్లు వస్తుంది.

మొదట పదిసార్లు ఊపిరి వచ్చి పోవడం ఊరికే గమనించండి. బిగబట్టొద్దు, ప్రాణాయామంలోలా ఇన్ని అంకెలు పీల్చి ఇన్ని అంకెలు వదలాలన్న లెక్కలొద్దు. ఊపిరీ మనసూ పుట్టే చోటు ఒకటేనని మహర్షి చెప్పేవారు. అందుకే ఊపిరి నెమ్మదిస్తే మనసూ నెమ్మదిస్తుంది. కానీ ఊపిరి మళ్ళీ కదలగానే మనసూ కదులుతుంది. కనుక అది సాయం మాత్రమే, పదితో ఆపేయండి.

తర్వాత ఏమీ చేయకండి. మొదటి తలపు దానంతటదే వస్తుంది. ‘గ్యాస్ బుక్ చేయాలి’ అని వచ్చిందనుకుందాం. వదిలేస్తే దాని వెనకే ఇంకోటి: నెలాఖరు కదా, డబ్బులు పడ్డాయో లేదో, తమ్ముడికి ఇచ్చిన అప్పు, వాడు పెళ్ళిలో అన్న మాట. నాలుగు అడుగుల్లో సిలిండర్ నుంచి పెళ్ళి దాకా వెళ్ళిపోయాం. ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు, ఆ తలపును పూర్తి చేయకుండా, తరిమేయకుండా, ఒక్కటి అడగండి: ఇది ఎవరికి వచ్చింది?

‘నాకు.’

ఈ జవాబుకు వెతుక్కోనక్కర్లేదు. తెలుగులో అది ముందే వాక్యంలో ఉంది. ఇప్పుడు రెండో ప్రశ్న: ఆ నేను ఎవరు?

ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పకండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వీధిలో వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ముందు తల తిరుగుతుంది, మాట తర్వాత. ప్రశ్న చేయవలసిన పనీ అంతే: సిలిండర్ వైపు పోతున్న చూపును, చూస్తున్నవాడి వైపు తిప్పడం. తిరిగిందా, ప్రశ్న పని అయిపోయింది.

తిరిగిన చూపుకు అక్కడ ఏం కనిపిస్తుంది? వస్తువులా ఏదీ కనిపించదు. ఉన్నానన్న తెలివి మాత్రం ఉంటుంది. కరెంటు పోయి చీకటిగా ఉన్న గదిలో కూర్చున్నప్పుడు బయటి నుంచి ‘ఎవరు లోపల?’ అని ఎవరైనా అడిగితే, వెంటనే ‘నేనున్నా’ అంటాం. దీపం వెలిగించి, చేతులు తడుముకుని, ఉన్నామని నిర్ధారించుకుని చెప్పం. కన్ను చూడకుండా, చెయ్యి తాకకుండా తెలిసిన ఆ ఉనికి ఉంది చూశారూ, నిలవవలసింది అక్కడే. మొదట్లో రెండు మూడు క్షణాలు నిలుస్తుంది. ఇంకో తలపు వస్తుంది. మళ్ళీ ‘ఎవరికి?’. ఎన్నిసార్లు జారితే అన్నిసార్లు. చితిని ఎగదోసే కట్టె ఆఖరికి తానూ కాలిపోయినట్టు, ‘నేనెవరు’ అనే తలపు మిగతా తలపుల్ని కాల్చి తానూ పోతుందని మహర్షి ఇచ్చిన పోలిక.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, ‘నేనెవరు, నేనెవరు’ అని జపంలా తిప్పడం. పది నిమిషాలకు మనసు మొద్దుబారుతుంది, అదే శాంతి అనిపిస్తుంది. నిజానికి ఆ సేపంతా చూపు మాట మీద ఉంది, మాట పలుకుతున్నవాడి మీద లేదు. 20 నిమిషాల్లో ప్రశ్న నాలుగైదు సార్లే అవసరపడినా తక్కువేం కాదు. తలపు పట్టుకుపోయినప్పుడే ప్రశ్న, తక్కిన సేపు మౌనం.

రెండోది చదువుకున్నవాళ్ళకు వచ్చే చిక్కు. ప్రశ్న వేయగానే లోపల జవాబు తయారు: ‘నేను ఆత్మను’, ‘నేను బ్రహ్మాన్ని’. అదీ ఒక తలపే. దాన్నీ సిలిండర్ తలపులాగే అడగండి: ఇది ఎవరికి? ‘దేహం నేను కాదు, మనసు నేను కాదు’ అని ఒక్కోటి తోసేసుకుంటూ పోయే నేతి నేతి కూడా కొంతదూరమే తీసుకెళ్తుంది. అన్నిటినీ కాదంటున్నవాడు ఎవరో చూడకపోతే, ఆ కాదనేవాడు గట్టిపడి కూర్చుంటాడు.

మూడోది చోటు వెతకడం. మహర్షి ఛాతీకి కుడి పక్కన హృదయస్థానాన్ని చెప్పిన మాట నిజమే. అది విని కొందరు కుడి ఛాతీ మీద దృష్టి నిలిపి కూర్చుంటారు. అది శరీరంలో ఒక భాగం మీద ధ్యానం అవుతుంది. చూడబడేది ఏదైనా దృశ్యమే. ఛాతీ అయినా, కనుబొమల నడుమ వెలుగైనా, చెవిలో నాదమైనా. మీకు కావలసింది అది ఎవరికి తెలుస్తోందన్నది. వెలుగులు కనిపిస్తే సంబరమూ వద్దు, భయమూ వద్దు.

నాలుగోది లయం. దీన్ని ఎవరికి వారు కనిపెట్టడం కష్టం. తలపులు ఆగుతాయి, హాయిగా ఉంటుంది, గంట మోగేసరికి ‘అప్పుడే అయిందా’ అనిపిస్తుంది. ఆ సేపు ఏమైందో మాత్రం చెప్పలేరు. అది నిద్రకు అన్న లాంటిది. గంగ ఒడ్డున ఏళ్ళ తరబడి సమాధిలో ఉండి, కళ్ళు తెరవగానే, కూర్చోబోయే ముందు అడిగిన నీళ్ళే మళ్ళీ అడిగిన యోగి కథను మహర్షి ఇందుకే చెప్పేవారు. ఆగిన తలపు ఆగిన చోటి నుంచే మొదలైంది, మధ్యలో ఏమీ కరగలేదు. గుర్తు ఒక్కటే: మౌనంలో మెలకువ ఉందా లేదా? మసకబారుతున్నట్టు అనిపిస్తే కళ్ళు సగం తెరిచి, ‘ఈ హాయి ఎవరికి?’ అని ఒక్కసారి అడగండి. అప్పటికీ తూగు వస్తుంటే లేచి పది నిమిషాలు నడవండి. రాత్రి అరకొరగా పడుకుని పొద్దున్నే కూర్చుంటే వచ్చేది కునుకే, దానికి మందు నిద్రే.

పనిలో ఉండగా

పొద్దున 20 నిమిషాలు గట్టిపడేది పగటి పూటే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది: ‘ఈ రిపోర్టు ఎవరు చేశారు?’ అంతే, నాలుగు ముక్కలు. పేరు లేదు. తిట్టు లేదు. చదివిన క్షణంలో ఛాతీలో ఏదో పట్టేసినట్టవుతుంది, చెవులు వేడెక్కుతాయి. ఆ వెంటనే, మాటల్లో: ‘నన్నే అంటున్నాడు.’

ఈ వరస నెమ్మదిగా చూడదగ్గది. మెసేజిలో లేని ‘నన్ను’ ఎక్కడి నుంచో లేచి, తనది కాని దెబ్బను తనదిగా తీసుకుంది. బాధ మొదలైంది అక్కడ. ఇప్పుడు చేయవలసింది: బొటనవేలు కీబోర్డు మీదికి వెళ్ళకముందే, కళ్ళు తెరిచే, ‘ఈ దెబ్బ ఎవరికి తగిలింది?’ అని లోపలికి ఒక్క చూపు. మూడు క్షణాలు చాలు. చెవుల వేడి వెంటనే పోదు, అది ఒంటి పని, దాని వేళకు అది తగ్గుతుంది. కానీ ‘నన్నే’ అన్న ముడి కాస్త సడలుతుంది. అప్పుడు జవాబు రాయండి. రిపోర్టు మీరే చేసి ఉంటే ‘నేనే చేశానండీ’ అని రాయండి. తప్పుంటే దిద్దండి. విచారణ పేరుతో బాధ్యత తప్పించుకోవడం, ‘చేసింది నేను కాదు, దేహం’ అనడం ఈ మార్గంలో లేదు.

పగలు ఇలా మూడు సార్లు గుర్తొస్తే చాలు. ఇంకో మంచి సమయం మెలకువ వచ్చే క్షణం. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయినప్పుడు పేరు లేదు, ఉద్యోగం లేదు, నొప్పి కూడా లేదు. అయినా లేచాక ‘హాయిగా నిద్రపోయాను’ అంటాం. కళ్ళు విప్పగానే కదలకుండా పది క్షణాలు చూడండి: ముందు ఊరికే ఉండడం, తర్వాత ‘నేను’, ఆపైన ఇవాళ ఏ వారం, ఏం పని. లోకం కన్నా ముందు ‘నేను’ లేవడం రోజంతటిలో స్పష్టంగా దొరికేది అప్పుడే. తలగడ పక్కన ఫోను ఉంటే ఇది కుదరదు. ఫోను రాత్రే వేరే గదిలో పెట్టండి.

ఎవరు ఆగాలి

కూర్చున్నప్పుడు గుండెదడ, చచ్చిపోతానన్న భయం పట్టుకోవడం, లోకమంతా సినిమాలా అబద్ధంగా, తన చేతులే తనవి కానట్టుగా రోజుల తరబడి అనిపించడం: ఇవి సాధనలో మెట్లు కావు. ఆపేయండి. నలుగురితో కలిసి తినండి, నడవండి, మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం మొదలుపెట్టామని మందులు మానకూడదు. కొత్తగా ఇంట్లో చావు చూసినవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆగితే మంచిదని మా అభిప్రాయం. ఏడవవలసిన ఏడుపును ‘ఎవరికి?’ అని ఆపకూడదు.

ప్రశ్న అతకనివాళ్ళకు

ప్రశ్న వేసుకోవడం కొందరికి ఎంతకీ పొడిగానే ఉంటుంది. చిన్నప్పటి నుంచి నామజపం అలవాటైనవాళ్ళకు ముఖ్యంగా. వాళ్ళు జపం మానక్కర్లేదు. బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టిన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని మంత్రాలు కోట్లలో జపించి, తపస్సంటే ఏమిటో తెలియలేదని 1907 నవంబరు 18న అరుణాచలం మీది విరూపాక్ష గుహలో మహర్షి కాళ్ళ మీద పడ్డారు. వచ్చిన జవాబు రెండు భాగాలు. ‘నేను’ ఎక్కడి నుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడ అణుగుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తూ ఆ నాదం ఎక్కడి నుంచి పుడుతోందో చూసినా మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు.

చేసే తీరు: మొదటి మాల పైకి, పెదవులు కదిలేలా. రెండో మాల లోపల. మూడో మాలలో వేగం సగానికి తగ్గించి, ఒక నామానికీ ఇంకో నామానికీ మధ్య ఉన్న ఖాళీని గమనించండి. నామం అక్కడి నుంచే లేచి అక్కడికే పోతుంది. 108 పూర్తయ్యాక వెంటనే లేవకండి. మాల ఒళ్ళో పెట్టుకుని, ఆఖరి నామం ఆగిన చోటే ఐదు నిమిషాలు కూర్చోండి.