పాత ల్యాప్‌టాప్ మార్చే ముందు దాని డిస్క్ మార్చి చూడండి

రిపేర్ షాపు నడుపుతున్న నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది, కొత్తది కొనేయమంటారా?" డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులైతే అప్పు చేసైనా కొందామనే వస్తారు. నేను మాత్రం ముందు టాస్క్ మేనేజర్ తెరవమంటాను. ల్యాప్‌టాప్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే విండోస్ ప్రోగ్రామ్ అది. ఆ పని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లండి. సీపీయూ, అంటే ప్రాసెసర్, ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. విండోస్ 10, 11లలో డిస్క్ పేరు దగ్గరే హెచ్‌డీడీ (పాత రకం హార్డ్ డిస్క్) అనో ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో దాచే కొత్త రకం) అనో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉంటే మీ డబ్బు చాలావరకు మిగిలినట్టే, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేసి చూడవచ్చు.

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. ఏ ఫైల్ కావాలన్నా చదివే ముల్లు అక్కడిదాకా జరగాలి, పళ్లెం తిరిగి దాని కిందికి రావాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, ఆలస్యమంతా అక్కడే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

కొనేటప్పుడు తికమక పెట్టేది ఆకారం. పాత హార్డ్ డిస్క్ స్థానంలో కూర్చునేది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (సాటా అంటే డిస్క్‌ని బోర్డుకు కలిపే పద్ధతి). ఇది సెకనుకు దాదాపు 500 ఎంబీ చదువుతుంది. చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉండేది ఎం.2. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. ఎం.2లో సాటా రకం ఉంది, అంతకంటే ఎంతో వేగమైన ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని స్లాట్‌లో రెండోది పనిచేయకపోవచ్చు. మోడల్ నంబర్‌తో మాన్యువల్ చూడకుండా ఎం.2 కొనకండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా ఆ నంబర్ ఫోటో తీసుకుని వెళ్లండి. కొన్నాక 500 జీబీకి 465 మాత్రమే కనిపిస్తే మోసం అనుకోవద్దు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1,024 లెక్కన చూపిస్తుంది.

ర్యామ్ 4 జీబీయే ఉంటే దాన్ని కూడా 8 చేయించండి. ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ దగ్గర కనిపిస్తుంది. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలున్నాయి, వాటి ముక్కల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి. దూరకపోతే బలంగా నొక్కవద్దు, అది వేరే రకం.

విప్పే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు మరోచోట కాపీ చేసుకోండి. దీని విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. డిస్క్ టిక్ టిక్ మంటుంటే ఇంకేమీ చేయకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీయండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి. కానీ ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. డిస్క్ బాగానే ఉంటే సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో కొత్త ఎస్‌ఎస్‌డీని తగిలించి, క్లోనింగ్ (ఉన్నదున్నట్టు కాపీ చేసే) సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్‌లోనిదంతా విండోస్ సహా అందులోకి దించవచ్చు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి.

ఇక విప్పడం. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి. లోపలే ఉండేదైతే మూత తెరిచాక మొదట దాని కనెక్టర్ ఊడదీయండి. ఆ తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూలు పొట్టివీ పొడుగువీ కలిసి ఉంటాయి. ఏది ఎక్కడిదో కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి అక్కడే పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డు దెబ్బతినవచ్చు. హార్డ్ డిస్క్‌ని పైకి లాగకుండా కనెక్టర్ నుంచి పక్కకి జరిపి తీయండి. దాని చుట్టూ ఉన్న రేకు ఫ్రేమ్ విప్పి ఎస్‌ఎస్‌డీకి బిగించి, అదే దారిలో లోపలికి తోయండి. స్విచ్ ఆన్ చేశాక విండోస్ రాకపోతే కంగారు వద్దు, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే ఎక్కువసార్లు కనెక్టర్ పూర్తిగా కూర్చోకపోవడమే కారణం.

ఒక మాట సూటిగా చెప్పాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందు ప్రాసెసర్లలో దాదాపు అన్నీ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో లేవు. అలాంటి ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి పిల్లలకు ఇవ్వండి, కోడింగ్ నేర్చుకోవడానికి చక్కగా సరిపోతుంది.

తీసిన హార్డ్ డిస్క్ ఆరోగ్యంగా ఉంటే 2.5 అంగుళాల యూఎస్‌బీ 3 కేస్ కొని అందులో పెట్టండి. దీనికి వేరే కరెంట్ అడాప్టర్ అక్కర్లేదు, డెస్క్‌టాప్‌ల 3.5 అంగుళాల డిస్క్‌కైతే కావాలి. ల్యాప్‌టాప్‌లో నీలం రంగు పోర్ట్ ఉంటే అందులో గుచ్చండి. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లే, 3.0ది 5 గిగాబిట్లు. అమ్మేయాలనుకుంటే మాత్రం మామూలుగా డిలీట్ చేసి ఇవ్వకండి. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేశాకే చేతికివ్వండి.