టైమర్ సిగ్నల్ ల్యాబ్‌కు ముందు ఇవి చూసుకోండి

హనుమకొండ, వరంగల్‌లో ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గరపడ్డాయి. సీ భాషలో టైమర్ సిగ్నల్ (టైం అయిందని సిస్టమ్ ప్రోగ్రాంకు పంపే సంకేతం) పెట్టేవాళ్లు రన్ కొట్టే ముందు:

– హ్యాండ్లర్‌లో (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్) ప్రింట్‌ఎఫ్, మాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) వద్దు. మెయిన్ అదే క్షణంలో మాలాక్‌లో ఉంటే ప్రోగ్రాం బిగుసుకుపోవచ్చు. పదిసార్లు బాగానే నడిచి, సరిగ్గా ఎగ్జామినర్ వచ్చాకే ఆగుతుంది! వోలటైల్ సిగ్_అటామిక్_టీ రకం ఫ్లాగ్ (సిగ్నల్ వచ్చిందని గుర్తుపెట్టే వేరియబుల్) ఒక్కటి మార్చి బయటికి రండి, మిగతా పని మెయిన్ లూప్‌లో చేసుకోండి.

– ముందు సిగ్‌యాక్షన్‌తో హ్యాండ్లర్ పెట్టండి, తర్వాతే అలారం. హ్యాండ్లర్ లేకుండా సిగ్‌అలారం (అలారం పంపే సిగ్నల్) వస్తే ప్రాసెస్ చచ్చిపోతుంది.

– అలారం ప్రాసెస్‌కు ఒక్కటే. రెండోది పెడితే మొదటిది రద్దు.

– సెట్‌ఐటైమర్‌లో (టైమర్ పెట్టే ఇంకో ఫంక్షన్) ఇంటర్వల్, అంటే మళ్లీ మోగే గ్యాప్, సున్నా అయితే ఒక్కసారే మోగుతుంది. మైక్రోసెకండ్ల దగ్గర 9,99,999 దాటొద్దు, ఎర్రర్ వస్తుంది.

– సిగ్నల్ వల్ల రీడ్ మధ్యలో ఆగి ఈఐఎన్‌టీఆర్ ఎర్రర్ ఇస్తే టెన్షన్ వద్దు, మళ్లీ పిలవండి.