మిలిటరీ ఫోటో ఏ ఏటిదో భుజం చూసి చెప్పొచ్చు

కనిగిరిలో మాది ఫోటో స్టూడియో. పాత ఫోటోలు పెద్దవి చేయించుకోడానికి వచ్చేవాళ్ళలో మిలిటరీ ఇళ్ళవాళ్ళు చాలామంది ఉంటారు. "యుద్ధం నాటిదంట" అంటారు, అంతకుమించి తెలీదు. పోయిన వేసవిలో ఒక పెద్దమ్మ వాళ్ళ మామగారి ఫోటో తెచ్చింది. 1944లో జరిగిన ఆయన పెళ్ళికి ముందు తీయించుకున్నదా, తర్వాతదా అన్నది ఆమెకు తేలాలి. "నాకోసమే తీయించుకుని పంపాడు" అని వాళ్ళత్తగారు చివరిదాకా చెప్పేదట. ఆ ఫోటోనే పెట్టుకుని చెబుతాను.

ముందు ఫోటోను తుడవొద్దు. అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, అద్దం మీదుగానే తీయండి. విడిగా ఉంటే రెండు వైపులా 1200 డీపీఐలో స్కాన్ చేసి, ఆ ఫైలు పక్కన పెట్టేసి కాపీ మీద పని చేయండి. ఒకసారి నేను మరకలు తీస్తూ గుండీల మీది గుర్తులు కూడా నున్నగా చెరిపేశాను. అసలు ఫోటో వాళ్ళింట్లో వానకు తడిసి పోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇప్పుడు భూతద్దం తీసుకుని, మొహం వదిలేసి చొక్కా చూడండి. మామగారి చేతి మీద మూడు పట్టీలున్నాయి, అంటే హవల్దారు. రెండుంటే నాయక్, ఒకటైతే లాన్స్ నాయక్. హోదా తెలుస్తుంది గానీ ఏ ఏడో తెలీదు. ఏడు చెప్పేది భుజం చివర ఇత్తడి అక్షరాలు. ఆయనకు ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది, అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సైన్యానికి సరుకులు చేరవేసే విభాగం. ఆ 'రాయల్' 1935లో వచ్చి, 1950 జనవరి 26తో పోయింది. గుండీల మీద, టోపీ బిళ్ళ మీద రాజుగారి కిరీటం కూడా ఆ రోజుతోనే పోయి మూడు సింహాలు వచ్చాయి. సుబేదార్లు, ఆఫీసర్ల భుజం మీద నక్షత్రాలుంటే వాటి కోణాలు లెక్కపెట్టండి. బ్రిటిష్ కాలంలో అది నలుపలకల బిళ్ళలా ఉంటుంది, మధ్యలో గుండ్రం. మనది ఐదు కోణాల నక్షత్రం. పాత సరుకు ఇంకొన్నాళ్ళు వాడి ఉండొచ్చు కాబట్టి అటు కాస్త సందు వదలండి.

ఎప్పటిదాకా అన్నది అలా తేలుతుంది. ఎప్పటినుంచి అన్నది జేబు పైన రిబ్బన్లు, అంటే పతకాలకు గుర్తుగా పెట్టుకునే రంగు గుడ్డ ముక్కలు, చెబుతాయి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన రిబ్బన్ ఏదో, ఫోటో దానికంటే ముందుది కాలేదు. నలుపు తెలుపు ఫోటోలో రంగులు ఊహించొద్దు. కొన్ని పాత ఫిల్ముల్లో ఎరుపు నల్లగానూ, నీలం తెల్లగానూ పడుతుంది. గీతలే లెక్కపెట్టాలి. మామగారి రెండో రిబ్బన్‌లో నడుమ ఒక వెడల్పు పట్టీ, దానికి అటొకటి ఇటొకటి పట్టీలు, ఆ పక్క పట్టీల మధ్యన మళ్ళీ సన్న గీత. అది బర్మా స్టార్, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేసినవాళ్ళకు ఇచ్చిన పతకం. దాన్ని ప్రకటించింది 1945లో. మీ ఫోటోలో సమానంగా మూడే పట్టీలుండి నడిమిది తెల్లగా ఉంటే స్వాతంత్ర్య పతకం కావచ్చు, అంటే 1947 తర్వాత. రిబ్బన్లు ఫోటోలో మనిషి కుడి రొమ్ము మీద, అంటే చూసే మనకు ఎడమవైపు, కనిపిస్తే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారేమో చూడండి. చొక్కా గుండీల పట్టీ కూడా తిరగబడి ఉంటుంది.

భుజం కింద గుడ్డ గుర్తుల్ని మాత్రం ఒంటరిగా నమ్మొద్దు. నాలుగో డివిజన్ ఎర్ర గద్ద లాంటివి యుద్ధంలోనూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి.

చివరికి వెనక్కి తిప్పండి. జమేదారు అని రాసుంటే 1965కు ముందు, ఆ ఏడే దాన్ని నాయబ్ సుబేదార్ చేశారు. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. మా ప్రాంతం వాళ్ళకు ఇంకో ఆధారం ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. మామగారి ఫోటో వెనక "కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా" అనే ఉంది.

కవరు మీద పెన్సిల్‌తో "1945–50" అని రాసి పెద్దమ్మ చేతికిచ్చాను. అప్పటికి పెళ్ళయిపోయింది. "అయితే మా అత్త చెప్పింది నిజమే" అంటూ ఆమె ఫోటోను కొంగులో చుట్టుకుంది.